మధురవాణి, ముద్దుపళని: మన విమర్శ నడిచిన దారులు

1909లో గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ నాటకాన్ని బాగా పెంచి, దాదాపు తిరగరాసి రెండో కూర్పు తెచ్చాడు. ఆ మరుసటి ఏడాదే, 1910లో, బెంగుళూరు నాగరత్నమ్మ పరిష్కరించిన ‘రాధికాసాంత్వనము’ను మద్రాసు వావిళ్ల వారు అచ్చువేశారు. మొదటి పుస్తకంలో మధురవాణి అనే వేశ్య ఉంది. ఆమె రచయిత ఊహలోంచి పుట్టిన మనిషి. రెండో పుస్తకం వెనక ఆ వర్గంలోనే పుట్టిన ఇద్దరు నిజమైన స్త్రీలున్నారు. ఒకరు పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుడి ఆస్థానంలో కావ్యం రాసిన ముద్దుపళని. మరొకరు ఆ కావ్యాన్ని వెలికితీసిన నాగరత్నమ్మ. మధురవాణిని మన విమర్శకులు వందేళ్లుగా నెత్తిన పెట్టుకున్నారు. ముద్దుపళని పుస్తకం మీద 1911లోనే అశ్లీలమన్న అభియోగం వచ్చింది. ప్రతులు జప్తయ్యాయి. స్వాతంత్ర్యం వచ్చే రోజుల దాకా నిషేధం తొలగలేదు. మళ్లీ అచ్చు చూసేసరికి 1952 వచ్చింది.

తరం ఒకటే, పాఠకులు ఒకటే, భోగం మేళాల మీద సాగుతున్న ఉద్యమం కూడా ఒకటే. ఊహలోని వేశ్యకు మన్నన, నిజంగా కలం పట్టిన వేశ్యకు నిషేధం ఎలా దక్కాయి? రెండు పుస్తకాల్లోని కవిత్వపు తరతమాలతో దీనికి జవాబు దొరకదు. ఏ పుస్తకాన్ని ఏ ప్రశ్నతో తెరిచారన్న దాంట్లో దొరుకుతుంది. సాహిత్య విమర్శలో ఎన్ని పద్ధతులున్నాయి, ఏది మేలు అని మన విశ్వవిద్యాలయాల్లో తరాలుగా చర్చ నడుస్తోంది. ఆ చర్చలో వాదాల పేర్లు బాగా వినిపిస్తాయి గానీ, ఫలానా పద్ధతి ఫలానా కృతిలో ఎవరికీ కనపడనిదేం చూపించింది అన్న ప్రశ్న తక్కువగా వినిపిస్తుంది. నాకు ఆ ప్రశ్నే ముఖ్యం. అందుకే ఈ రెండు పుస్తకాలను చేత పట్టుకుని మన విమర్శ నడిచిన దారులన్నీ ఒకసారి చూడదలిచాను.

ముందుగా నాగరత్నమ్మ పీఠిక గురించే చెప్పాలి. తెలుగు విమర్శలో మొదటి వరసలో నిలవాల్సిన రచన అది. అంతకు ముందు అచ్చయిన ప్రతిని ఆమె రాతప్రతితో పోల్చి చూసింది. కవయిత్రి తన వంశం గురించి, తన నాయనమ్మ తంజనాయకి గురించి చెప్పుకున్న భాగం ఆ అచ్చుప్రతిలో లేదని పట్టుకుంది, దాన్ని తిరిగి చేర్చింది. అంటే మొదట పాఠాన్ని సరిచేసింది, ఆ తర్వాతే వాదానికి దిగింది. కందుకూరి వీరేశలింగం ‘ఆంధ్ర కవుల చరిత్రము’లో ముద్దుపళని పాండిత్యాన్ని కాదనలేదు. కానీ ఆమె వేశ్య అన్న సంగతిని ఎత్తిచూపి, స్త్రీ నోట రాకూడని శృంగారం రాసిందని తప్పుపట్టాడు. నాగరత్నమ్మ దీనికి రెండు ఎదురు ప్రశ్నలు వేసింది. సిగ్గు ఆడవాళ్లకే ఉండాలా, మగవాళ్లకు అక్కరలేదా అని ఒకటి. ఆయనే చూసి అచ్చుకు తగినవని ఒప్పుకున్న ‘వైజయంతీ విలాసం’ లాంటి కావ్యాల్లో ఇంతకు మించిన శృంగారం లేదా అని రెండోది. రెండో ప్రశ్నలోనే అసలు బలమంతా ఉంది. ఒకే కొలతను రెండు కావ్యాలకూ పెట్టమంటోంది ఆమె. తులనాత్మక విమర్శ అనే మాట మన తరగతి గదుల్లోకి రాకముందే, తాళపత్రం చేతిలో పట్టుకుని ఒక స్త్రీ దాన్ని చేసి చూపించింది.

ఇక వెనక్కి వెళదాం. మన దేశంలో కృతిని విశ్లేషించే పని ఇంగ్లీషు చదువుతో మొదలైందనుకోవడం పొరపాటు. ఆనందవర్ధనుడు, కుంతకుడు, మమ్మటుడు కాశ్మీరం వాళ్లయితే, ‘ప్రతాపరుద్రీయం’ రాసిన విద్యానాథుడు ఓరుగల్లు వాడు. ‘రసగంగాధరం’ రాసిన జగన్నాథ పండితరాయలు కోనసీమలోని ముంగండ నుంచి వెళ్లి షాజహాన్ కొలువులో మెప్పు పొందాడు. తన సిద్ధాంతానికి ఉదాహరణలు ఇతరుల దగ్గర అరువు తెచ్చుకోకుండా తన పద్యాలే రాసుకున్న ఆత్మవిశ్వాసం ఆయనది. కాళిదాసు కావ్యాలకు దేశమంతా ఈనాటికీ ఆశ్రయించే వ్యాఖ్యలు రాసిన మల్లినాథ సూరి మెదకు ప్రాంతపు కొలిచెలమ వాడు. మూలంలో ఆధారం లేని మాట తాను రాయనని ఆయన వ్యాఖ్య మొదట్లోనే ఒట్టు పెట్టుకున్నాడు. అన్వయం, ప్రతిపదార్థం, సమాసం, అలంకారం, తాత్పర్యం అనే ఆ వరసను మనం బడిలో విసుగ్గా దాటేశాం. నిజానికి పద్యంలో ఒక్క పదాన్ని కూడా వదలకుండా చదివించే క్రమశిక్షణ అది. ఆ తర్వాత వచ్చిన ఏ వాదమూ ఈ విషయంలో మల్లినాథుణ్ణి మించలేదని నా నమ్మకం.

అలంకారశాస్త్రం పుస్తకాన్ని రసంతో, ధ్వనితో, ఔచిత్యంతో కొలుస్తుంది. దానికి కన్యాశుల్కాన్ని అప్పగిస్తే ఇది ప్రహసనమా నాటకమా, అంగిరసం హాస్యమా కరుణా, నాయకుడెవరు అని అడుగుతుంది. నాయకుడు మాయమాటల గిరీశమా, సంస్కర్త సౌజన్యారావు పంతులా, మధురవాణా అన్నది ఈనాటికీ పరీక్షల్లో వచ్చే ప్రశ్నే. ఆ ప్రశ్నతో నాటకం పెద్దగా విచ్చుకోదు. రాధికాసాంత్వనం దగ్గర మాత్రం ఇదే శాస్త్రం ఊహించని వెలుగునిస్తుంది. అష్టవిధ నాయికల పట్టికను తీసుకోండి. తాను పెంచిన ఇళను రాధ స్వయంగా అలంకరించి, బుద్ధులు చెప్పి కృష్ణుడి దగ్గరకు పంపుతుంది. పంపిన తర్వాత విరహంతో, అసూయతో కాగిపోతుంది. కోపించిన రాధను ఖండిత అనవచ్చు, కలహాంతరిత అనవచ్చు. కానీ తన చేతులతో సవతిని సింగారించే ఆ రాధ ఎవరు? ఎనిమిది గళ్లలో ఒక్కదాంట్లోనూ ఆమె ఇమడదు. పాత కొలబద్ద సరిపోని చోటే ముద్దుపళని కొత్తదనం ఎక్కడుందో కనిపిస్తుంది. అలంకారశాస్త్రాన్ని అవతల పారేసిన వాళ్లు ఈ సంగతి గమనించలేరు.

ఆధునిక విమర్శ మాత్రం దోషాల వేటతో మొదలైంది. కొక్కొండ వెంకటరత్నం పంతులు ‘విగ్రహతంత్రం’ మీద వీరేశలింగం 1876లో ‘విగ్రహతంత్ర విమర్శనము’ రాశాడు. మన భాషలో విమర్శ గ్రంథాల లెక్క సాధారణంగా అక్కడ్నుంచే మొదలుపెడతారు. వ్యాకరణ దోషాలు, అన్వయ దోషాలు ఏరడం అందులో ప్రధానం. ఆ తర్వాత కవుల జీవితాలు, కాలాలు తేల్చే పని వచ్చింది. గురజాడ శ్రీరామమూర్తి, వీరేశలింగం ఇద్దరూ అందులో గొప్ప శ్రమ చేశారు. కానీ ఆ పనితోపాటు ఒక అలవాటు కూడా మనకంటుకుంది. కవి ఎలాంటివాడో, ఏ కులంవాడో, ఏ నడవడి గలవాడో ముందు చెప్పి, ఆ తీర్పును కావ్యం మీదికి తోసే అలవాటు అది. ముద్దుపళని దానికి బలైంది. తర్వాతి కాలంలో కులం స్థానంలో వర్గం వచ్చినా, వర్గం స్థానంలో ప్రాంతం వచ్చినా ఆ అలవాటు పూర్తిగా పోలేదు.

1914లో కట్టమంచి రామలింగారెడ్డి ‘కవిత్వతత్త్వ విచారము’తో గాలి మారింది. కేంబ్రిడ్జిలో చదివి వచ్చిన ఆయన పింగళి సూరనను పట్టుకున్నాడు. దోషాలు లెక్కపెట్టడానికి కాదు, కథ ఎలా అల్లాడు, పాత్రలను ఎలా నిలబెట్టాడు, భావనాశక్తి ఎక్కడ పనిచేసింది అని అడగడానికి. ముందువెనకలుగా చెప్పిన కథలను ఒక్కటిగా ముడివేసిన ‘కళాపూర్ణోదయం’ అలాంటి ప్రశ్నలకు బాగా పలికింది. మన కావ్యానికి నిర్మాణమనేది ఒకటుంటుందని, దాన్ని పరిశీలించవచ్చని తెలుగు పాఠకుడికి నేర్పిన పుస్తకం అది. ఆ తర్వాత ఎవరు ఎంత ఖండించినా, కట్టమంచి అడిగిన ప్రశ్నలకు జవాబు చెప్పకుండా ముందుకు పోలేకపోయారు. ఆయన లోటు కూడా అక్కడే ఉంది. కథ, పాత్ర, సంభావ్యత అనే కొలతలతో ప్రబంధాలను కొలిచి, వర్ణనలను, శృంగారాన్ని చాలా చోట్ల అదనపు బరువుగా తోసిపుచ్చాడు. వర్ణనే ప్రాణమైన కావ్యానికి ఆ త్రాసు పనికిరాదు.

దానికి సరైన బదులిచ్చినవాళ్లు సిద్ధాంతాల జోలికి పోకుండా పద్యాలు చదివి చూపించారు. విశ్వనాథ సత్యనారాయణ నన్నయ గురించి, అల్లసాని పెద్దన గురించి, నాచన సోమన గురించి రాసిన పుస్తకాల్లో ఎన్నో తీర్పులతో నాకు పేచీ ఉంది. కానీ ఒక సమాసం ఎక్కడ విరిగింది, ఒక విశేషణం ముందే ఎందుకొచ్చింది, కథలో చెప్పకుండా వదిలేసిన దాన్ని కవి ఏ మాటలో దాచాడు అని ఆయన చూపించే చోట ఎవరైనా నేర్చుకోవలసిందే. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వేమన మీద చేసిన ఉపన్యాసాలు మరో తీరు. వేమన పేరు మీద చలామణిలో ఉన్న వేల పద్యాల్లో ఏది ఆయనది కావచ్చు, ఏది కాకపోవచ్చు అనే చిక్కుముడితో తలపడుతూ, ఆ పద్యాల్లోంచే ఒక మనిషి ఎదుగుదలను ఆయన ఊహించాడు. అంతకు నూరేళ్ల ముందు సి.పి. బ్రౌన్ పండితులను కూర్చోబెట్టి రాతప్రతులు పోల్పించిన పని లేకపోతే రాళ్లపల్లికి నిలబడే నేలే ఉండేది కాదు. 1928లో అక్కిరాజు ఉమాకాంతం ‘నేటికాలపు కవిత్వం’లో భావకవుల మీద విరుచుకుపడ్డాడు. ఆ పుస్తకంలోని కటువుదనం చాలామందికి రుచించలేదు గానీ, సమకాలీన కవిత్వాన్ని శాస్త్రం ముందు నిలబెట్టి నిగ్గు తేల్చడానికి చేసిన నిజాయితీ గల ప్రయత్నం అది. శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’కు చలం రాసిన ‘యోగ్యతాపత్రం’ పూర్తిగా మరో ధ్రువం. అందులో విశ్లేషణ లేదు, చదివినవాడి గుండెలో రేగిన కల్లోలం ఉంది. దాన్ని అనుకరించబోయి చెడిపోయిన ముందుమాటలకు లెక్కలేదు. అది చలానికి మాత్రమే చెల్లింది.

మార్క్సిస్టు విమర్శ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. 1943లో అభ్యుదయ రచయితల సంఘం ఏర్పడినప్పటి నుంచి, 1970లో విప్లవ రచయితల సంఘం (విరసం) పుట్టిన తర్వాతి దశాబ్దాల దాకా తెలుగులో అన్నిటికంటే చురుగ్గా పనిచేసిన పద్ధతి ఇదే. దీని దయవల్లే కన్యాశుల్కం నవ్వుల నాటకంగా మిగిలిపోలేదు. కె.వి. రమణారెడ్డి ‘మహోదయం’ గురజాడను విజయనగరం సంస్థానం, కంపెనీ నాటి నుంచి మారుతూ వచ్చిన భూమి సంబంధాలు, కొత్త చదువులు, కొత్త ఉద్యోగాలు వీటన్నిటి మధ్యలో నిలబెట్టి చూపింది. ఆ చూపుతో నాటకం దగ్గరకు వస్తే అంతకు ముందు పట్టని సంగతులు పట్టుబడతాయి. అగ్నిహోత్రావధాన్లు బిడ్డను ఎందుకు అమ్ముతున్నాడు? దురాశ అని సరిపెట్టవచ్చు. కానీ నాటకంలో ఆయన మాటలన్నీ దావాల చుట్టూ, కోర్టు ఖర్చుల చుట్టూ తిరుగుతుంటాయి. అగ్రహారాల ఆస్తి కాస్తా వకీళ్ల చేతికి, దళారుల చేతికి జారిపోతున్న కాలం అది. రామప్పపంతులు బతుకంతా ఆ తగాదాల మీదే నడుస్తుంది. కన్యాశుల్కం అనే దురాచారం కొత్త న్యాయస్థానపు ఆర్థిక వ్యవస్థతో ముడిపడి ఉందని నాటకమే చెబుతోంది. అది వినడానికి చెవి సిద్ధం చేసింది మార్క్సిస్టు విమర్శ.

కానీ అదే పద్ధతి తొందరపడ్డప్పుడు కృతిని వదిలేసి కృతికర్త వర్గాన్ని పట్టుకుంది. తంజావూరు సాహిత్యమంతా భూస్వామ్యపు పతన దశ అన్న ముద్ర సులువుగా పడిపోయింది. ఆ ముద్ర వేశాక క్షేత్రయ్య పదాలను గానీ ముద్దుపళని పద్యాలను గానీ విప్పి చూడాల్సిన అవసరం మిగలదు. వీరేశలింగం నీతి పేరుతో మూసిన తలుపును వీళ్లు చరిత్ర పేరుతో మూశారు. ఈ తొందరను లోపల్నుంచే నిలదీసినవాడు రాచమల్లు రామచంద్రారెడ్డి. కడప నుంచి ‘సంవేదన’ నడిపిన రారా మార్క్సిస్టే. అయినా ఆశయం మంచిదైనంత మాత్రాన కవిత్వం మంచిదైపోదని ఆయన పట్టుబట్టాడు. ‘సారస్వత వివేచన’లోని వ్యాసాల్లో ఏ వాక్యం అబద్ధంగా పలుకుతోందో, ఏ ఉపమానం అనుభూతిని చంపేస్తోందో వేలుపెట్టి చూపిస్తాడు. స్వపక్షమా పరపక్షమా అని చూడని ఆ నిష్ఠ మన విమర్శలో అరుదు. కె. బాలగోపాల్ సాహిత్య వ్యాసాలు, ‘రూపం–సారం’గా వచ్చినవి, ఆ దారిలోనే మరికొంత ముందుకు వెళ్లాయి. జీవితం గురించి సిద్ధాంతానికి అందని సంగతులు సాహిత్యానికి తెలుస్తాయని ఆయన ఒప్పుకున్నాడు. ఒక రాజకీయ ఆలోచనాపరుడు సాహిత్యానికి ఇచ్చిన గౌరవం అది.

మనోవిశ్లేషణ మన దగ్గర పెద్దగా వేళ్లూనలేదు. బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’లో దయానిధిని, తల్లి నీడను చదవడానికి బాగా పనికొచ్చింది, అంతకు మించి అది ఒక సంప్రదాయంగా స్థిరపడలేదు. రూపవాదం, నిర్మాణవాదం, ఆ తర్వాతివీ ఎక్కువగా సిద్ధాంత గ్రంథాల మొదటి అధ్యాయాల్లోనే ఉండిపోయాయి. రెండో అధ్యాయం నుంచి కథాసంగ్రహం మొదలవుతుంది. శిల్పం గురించి సామాన్య పాఠకుడికి, కొత్త రచయితకు అర్థమయ్యేలా చెప్పిన పుస్తకాలుగా వల్లంపాటి వెంకటసుబ్బయ్య ‘నవలాశిల్పం’, ‘కథాశిల్పం’ నిలిచాయి. రెండోదానికి 1999లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది.

భాషాశాస్త్రం వైపు నుంచి వచ్చిన చేకూరి రామారావు మరో కిటికీ తెరిచారు. ‘తెలుగు వాక్యం’ రాసిన మనిషి ‘చేరాతలు’ శీర్షికలో వారం వారం కవిత్వం గురించి రాశారు. కొత్త కవులను, అందులోనూ స్త్రీవాద కవయిత్రులను, వాళ్ల వాక్యం ఎలా నడిచిందో చూపించి పాఠకుల ముందుకు తెచ్చారు. ఈ రకం చూపుతో కన్యాశుల్కంలోని ఒక చిన్న ఘట్టం చూడండి. కృష్ణరాయపురం అగ్రహారంలో వెంకమ్మ తన కొడుకు వెంకటేశం ఇంగ్లీషు వినాలని ముచ్చటపడుతుంది. గిరీశం, వెంకటేశం బడిలో బట్టీపట్టిన పిల్లల పాటను, పాఠాల్లోని తునకలను మాటలాడుకుంటున్నట్టు ఒకరికొకరు అప్పజెప్పుకుంటారు. ఆ మాటలకు అర్థం లేదు, ఒకదానికొకటి పొంతన లేదు. అయినా తల్లి మురిసిపోతుంది, గిరీశానికి ఆ ఇంట్లో చోటు ఖాయమవుతుంది. భాష ఇక్కడ సమాచారం కోసం లేదు, అధికారం కోసం ఉంది. అర్థం కాకపోవడమే దాని బలం. ఇంగ్లీషు రాని ఇంట్లో ఇంగ్లీషు ఏం చేస్తుందో అంత కొద్ది మాటల్లో చూపిన రచన నాకు మరొకటి తెలియదు. హాస్యం అని ఒక్క మాటలో దాటేస్తే దీన్నంతా పోగొట్టుకుంటాం. అసిరి దగ్గర్నుంచి సౌజన్యారావు దాకా ఎవరి తెలుగు వాళ్లదే అయిన ఈ నాటకాన్ని మాట మాటగా చదివే పని ఇంకా మిగిలే ఉంది.

వెల్చేరు నారాయణరావు 1978లో ‘తెలుగులో కవితావిప్లవాల స్వరూపం’ తెచ్చినప్పుడు ప్రశ్నే మారిపోయింది. కవి ఏం చెప్పాడన్న దానికి బదులు, ఎవరికి చెప్పాడు, వినేవాళ్లకు ఎలా చేరింది, వినేవాళ్లు మారితే రూపం ఎలా మారింది అని ఆయన అడిగారు. పురాణం వినే సభ వేరు, ప్రబంధం మెచ్చే కొలువు వేరు, అచ్చు పుస్తకం ముందు ఒంటరిగా కూర్చున్న పాఠకుడు వేరు. 2007లో కన్యాశుల్కాన్ని ఇంగ్లీషులోకి అనువదిస్తూ, దాన్ని సంస్కరణ నాటకంగా చదవడమే మన పెద్ద పొరపాటన్నారు. నేను దీంతో సగమే ఒప్పుకుంటాను. నాటకం సంస్కర్తలను కూడా పరీక్షకు పెట్టిందన్నది నిజం. తాగిన మత్తులో బైరాగి, హవల్దారు, దుకాణదారు చెప్పుకునే కబుర్ల ఘట్టాన్ని కథకు అక్కరలేనిదని కట్టమంచి తరహా విమర్శకులు కత్తిరిస్తారు. ఆ లోకం సంస్కరణకు లొంగదని తెలిస్తే దాని అవసరం అర్థమవుతుంది. కానీ మొదటి కూర్పు పీఠికలో గురజాడ కన్యాశుల్కం గురించి పడ్డ బాధ మనముందే ఉంది. దాన్ని పక్కన పెట్టి నాటకాన్ని చదవమంటే నాకు మనసొప్పదు.

ఎవరు చదువుతున్నారు అన్న ప్రశ్న అంతకంటే పదును తేలింది మాత్రం బయట ఉంచబడ్డవాళ్లు పుస్తకం తెరిచినప్పుడే. తెలంగాణలో కవులు లేరన్న మాటకు సురవరం ప్రతాపరెడ్డి ఆవేశంగా వ్యాసం రాసి ఊరుకోలేదు. 1934లో 354 మంది కవుల రచనలతో ‘గోలకొండ కవుల సంచిక’ తెచ్చి చేతిలో పెట్టాడు. సాహిత్య చరిత్ర మీద అంతకు మించిన విమర్శ ఉండబోదు. 1995లో వచ్చిన ‘చిక్కనవుతున్న పాట’ దళిత కవిత్వాన్ని ఒక గొంతుగా వినిపించింది. జి. కల్యాణరావు ‘అంటరాని వసంతం’ నవలే అయినా, తెలుగు కళల చరిత్రలో చోటు దొరకని పాటగాళ్లను, ఆటగాళ్లను తరాల వారీగా పేర్చి, ఉన్న చరిత్రను నిలదీసింది. దాన్ని నేను విమర్శ గ్రంథాల అరలో కూడా పెడతాను. ఈ కళ్లతో చూస్తే కన్యాశుల్కం ఎంత చిన్న లోకంలో నడుస్తుందో తెలుస్తుంది. నాటకం తక్కువదని కాదు, దాన్ని మొత్తం ఆంధ్ర సమాజానికి అద్దమని పొగిడిన విమర్శ కొలత తప్పిందని.

స్త్రీవాద విమర్శ ఈ రెండు పుస్తకాలనూ మళ్లీ తెరిచింది. సూసీ తారు, కె. లలిత సంపాదకత్వంలో 1991లో వచ్చిన భారత స్త్రీల రచనల సంకలనం ముద్దుపళని, నాగరత్నమ్మల కథతోనే తన వాదాన్ని మొదలుపెట్టింది. నిషేధం ఎత్తివేశాక కూడా కొనసాగిన మౌనం అప్పటికి గాని చెదరలేదు. మధురవాణి మీద పడిన కొత్త వెలుగు కూడా గట్టిదే. ఆమె తెలివి, దయ, సమయస్ఫూర్తి అందరూ మెచ్చారు. ఆ సద్గుణాలన్నీ ఎవరి పనికొచ్చాయి అని అడిగినవాళ్లు తక్కువ. నాటకం చివర వితంతువు బుచ్చమ్మను పూనాలోని వితంతు శరణాలయానికి పంపాలన్న నిర్ణయం సౌజన్యారావుది. బుచ్చమ్మ మాట మనకు వినపడదు. ముసలి పెళ్లికొడుకు లుబ్ధావధాన్లు కూతురు మీనాక్షి గతి ఏమిటో ఎవరికీ పట్టదు. అందరి చిక్కులూ విప్పిన మధురవాణి ఎక్కడికి వెళుతుంది? నాటకం చెప్పదు. సంస్కర్తకు ఇబ్బంది పెట్టకుండా తప్పుకునే వేశ్యను ఆదరించడం తేలిక. తాళపత్రం పట్టుకుని వచ్చి వీరేశలింగాన్నే నిలదీసే నాగరత్నమ్మను ఆదరించడం ఆ తరానికి సాధ్యం కాలేదు. 1909కీ 1910కీ మధ్య ఉన్న తేడా ఇదేనని నేననుకుంటున్నాను.

అయితే స్త్రీవాద విమర్శకూ ఒక బాకీ ఉంది. రాధికాసాంత్వనం నిషేధం గురించి మనం చాలా రాశాం, 584 పద్యాల కావ్యం గురించి చాలా తక్కువ రాశాం. ముద్దుపళనిని అప్పుడు నీతి కోసం వాడుకున్నారు, ఇప్పుడు న్యాయం కోసం వాడుకుంటున్నాం. ఆమె పద్యం ఎత్తుగడ ఎలా ఉంటుంది, క్షేత్రయ్య నాయికల మాటతీరు ఆమెలో ఎక్కడెక్కడ పలుకుతుంది, రాధ ఇళకు చెప్పే బుద్ధుల్లో ప్రేమ ఎక్కడ ముగిసి గాయం ఎక్కడ మొదలవుతుంది? ఈ పనికి మల్లినాథుడి ఓపిక కావాలి. స్త్రీవాదం ఇచ్చిన ప్రశ్న, వ్యాఖ్యాతల సంప్రదాయం ఇచ్చిన పనిముట్టు రెండూ ఒకే చేతిలో ఉన్న విమర్శకులు రావాలి.

ఇప్పుడు మన దగ్గర విమర్శ ఎక్కువగా ముందుమాటల్లో, ఆవిష్కరణ సభల్లో, ఆదివారం అనుబంధాల్లో బతుకుతోంది. పుస్తకం అచ్చుకు ముందే మెచ్చుకోవాల్సి వచ్చినవాడు విమర్శ చేయలేడు. సభలో పూలదండ వేయించుకున్నవాడూ చేయలేడు. ఈ పరిస్థితికి పాఠకుడు చెల్లిస్తున్న మూల్యం పెద్దది. ఏ పుస్తకం ఎందుకు బాగుందో తెలియక, అన్నీ బాగున్నాయన్న మాటలు విని, క్రమంగా కొనడమే మానేస్తున్నాడు. కొత్త సిద్ధాంతాలు తెచ్చుకోవడంలో మనం వెనకబడలేదు. పాఠం దగ్గర కూర్చోవడంలో వెనకబడ్డాం.

చేయదగిన పనికి ఒక నమూనా మన చేతిలోనే ఉంది. కన్యాశుల్కం 1897 కూర్పును ‘మొట్టమొదటి కన్యాశుల్కం’గా పరిశోధకుడు బంగోరె వెలికితెచ్చి దశాబ్దాలైంది. రెండు కూర్పులనూ పక్కపక్కన పెట్టుకుని దృశ్యం దృశ్యంగా చదవవచ్చు. మొదటిదాంట్లో మధురవాణిది చిన్న పాత్ర. పన్నెండేళ్ల తర్వాత నాటకపు పగ్గాలన్నీ ఆమె చేతికొచ్చాయి. ఏ సంభాషణలు కొత్తగా చేరాయి, ఏవి పోయాయి, ఆమె పెరిగినకొద్దీ గిరీశం ఎక్కడ తగ్గాడు? మగవేషంలో సౌజన్యారావు ఇంటికి వచ్చిన మధురవాణికి ఆయన చివరికి భగవద్గీత ఇవ్వబోతే, వేశ్యలంటే కృష్ణుడికి కూడా గిట్టదా అన్న అర్థంలో ఆమె అడుగుతుంది. సంస్కర్త ఇంట్లో నిలబడి, ఆయన చేతిలోని గ్రంథాన్ని చూపించి, ఆయన నమ్మకాన్నే ప్రశ్నించే వేశ్య ఆమె. తొలి కూర్పులో అంత చిన్నగా ఉన్న పాత్ర ఈ ప్రశ్న వేసే స్థాయికి ఎలా ఎదిగింది? ఆ మధ్య కాలంలో గురజాడ ఏం చూశాడు, ఎవరిని చదివాడు, సంస్కర్తల మీద ఆయనకున్న నమ్మకం ఎక్కడ సడలింది? ఆయన డైరీలు, ఉత్తరాలు అచ్చయ్యే ఉన్నాయి. రెండు కూర్పులూ అందుబాటులో ఉన్నాయి. అలంకారికుడు, మార్క్సిస్టు, స్త్రీవాది, భాషావేత్త ఎవరైనా సరే, ఈ రెండు కూర్పులను ఎదురెదురుగా తెరిచి ఆ పాత్ర ఎదుగుదలను మాట మాటగా చూపించే ఒక పూర్తి గ్రంథం మనకు కావాలి.